గోడ మీది వాక్యం, ఇంట్లోని ముఖాలు

విశాఖలో చాలా క్రైస్తవ ఇళ్లలో హాల్లోకి అడుగు పెట్టగానే గోడ మీద ఒక వాక్యం పటం కనిపిస్తుంది. ఎక్కువసార్లు అది బైబిల్లో ఫిలిప్పీ పత్రికలోని మాటే: "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి." ఆ పటం కిందే ఆదివారం పొద్దున్న ఏం జరుగుతుందో కూడా అందరికీ తెలిసిందే. ఆరాధనకి టైమ్ అయిపోతుంటుంది. నాన్న కిందకి దిగి బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతుంటాడు. అమ్మ పిన్నీసు నోట్లో పెట్టుకుని చిన్నదానికి జడ వేస్తుంటుంది. పెద్దవాడు ఇంకా బాత్రూంలోనే ఉంటాడు. ఎవరో ఒకరు అరుస్తారు, ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు. కాసేపటికి చర్చి మెట్ల దగ్గర పాస్టర్ గారు "బాగున్నారా?" అంటే, నలుగురూ నవ్వు ముఖాలు పెట్టి "దేవుని కృప వల్ల బాగున్నామండీ" అంటారు.

వీళ్లని వేషధారులని అనడం తేలిక. నాకైతే అలా అనాలనిపించదు. ఆనందించమన్న ఆజ్ఞ చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. ఇంట్లో ఒకరితో ఒకరు కలిసి ఎలా ఆనందించాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. సండే స్కూల్లో లేదు, యవ్వనస్తుల కూడికలో లేదు, పెళ్లి ప్రసంగంలో అయితే అసలే లేదు. సంతోషాన్ని మనం భక్తి ఖాతాలోనో మూడ్ ఖాతాలోనో వేసి వదిలేస్తాం. నిజానికి అది మనుషుల మధ్య తయారయ్యే సంగతి. దానికి కొంత పనితనం కావాలి. చిన్నప్పుడు అబ్బకపోతే పెద్దయ్యాకైనా నేర్చుకోవచ్చు.

ఆజ్ఞా, ఫలమా, మూడా?

సంతోషం గురించి మన సంఘాల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అది ఆజ్ఞ కాబట్టి కష్టమైనా ఆనందించాలని కొందరంటారు. అది ఆత్మ ఫలం, అంటే పరిశుద్ధాత్మ మనలో పండించే గుణం కాబట్టి ప్రార్థన పెరిగితే దానంతటదే వస్తుందని ఇంకొందరంటారు. రెండూ నిజమే, కానీ రెండింట్లోనూ పక్కనున్న మనిషి ఊసే లేదు. గలతీ పత్రికలో ఆ ఫలం వరస చూడండి: ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము... తలుపేసుకుని గదిలో ఒక్కరే కూర్చుని దీర్ఘశాంతం చూపించడం ఎలా? విసిగించే మనిషి ఎదురుగా ఒకరుండాలి కదా. సంతోషం కూడా ఆ వరసలోదే.

జిమ్ వైల్డర్ అనే అమెరికన్ క్రైస్తవ మనస్తత్వవేత్త ఆనందం గురించి చెప్పేది చాలా చిన్న మాట. నేను దగ్గరుంటే ఒకరికి సంతోషంగా ఉందని నాకు తెలియడమే ఆనందం అంటాడాయన. ఈ లెక్కన కష్టం తీరాకే ఆనందం రావాలని లేదు. ఏడుస్తున్న మనిషి పక్కన కూడా ఆనందం ఉండొచ్చు, ఆ పక్కన కూర్చున్నవాళ్లు విసుక్కోకుండా ఉంటే. "సంతోషించు వారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి" అని అపొస్తలుడైన పౌలు రెంటినీ ఒకే ఊపిరిలో అన్నది అందుకే కావచ్చు.

యేసు బాప్తిస్మం దగ్గర ఆకాశం నుంచి వచ్చిన మాట ఏమిటి? "నీవు నా ప్రియ కుమారుడవు, నీయందు నేనానందించుచున్నాను." మార్కు సువార్తలో ఇది మొదటి అధ్యాయంలోనే ఉంది. అప్పటికి ఆయన ఒక్క రోగినీ బాగుచేయలేదు, ఒక్క ప్రసంగమూ చేయలేదు. మన ఇళ్లలో ఈ మాట ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక బయటికొస్తుంది, అదీ మార్కుల్ని బట్టి.

పసిబిడ్డలకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ పరిశోధకుడు తల్లుల్ని, వాళ్ల పసిపిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి చూశాడు. మొదట తల్లి మామూలుగా నవ్వుతూ ఆడిస్తుంది. తర్వాత కాసేపు ఏ భావమూ లేకుండా ముఖం బిగించి చూస్తుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాస్తుంది, శబ్దాలు చేస్తుంది. తల్లి పలకదు. చివరికి బిడ్డ ముఖం తిప్పుకుని ఏడుపందుకుంటుంది. ఆ ప్రయోగంలో తల్లి తిట్టలేదు, కొట్టలేదు, వదిలేసి పోలేదు. ముఖంలో పలకరింపు ఆగింది, అంతే.

ఇది చదివి కంగారు పడాల్సిన పని లేదు. ట్రోనిక్ పరిశీలనల్లోనే తేలిన రెండో సంగతి ఒకటుంది, నాకు అదే ముఖ్యం. మామూలుగా ఆడుకునే తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా అందేది దాదాపు మూడో వంతు సమయమే. మిగతా అంతా తప్పిపోవడం, మళ్లీ దొరకబుచ్చుకోవడం. బిడ్డకి నమ్మకం కుదిరేది ఆ మళ్లీ దొరకడం వల్లే.

షిఫ్టులు, ఫోన్లు, పలకరింపులు

ఇంట్లో ముఖాలు ఎదురుపడాలంటే ముందు మనుషులు ఇంట్లో ఉండాలి. విశాఖ షిఫ్టుల ఊరు. స్టీల్ ప్లాంట్‌లో ఏ, బీ, సీ షిఫ్టులు, పోర్టులో రాత్రి డ్యూటీలు, పరవాడ వైపు ఫార్మా కంపెనీలు, ఆసుపత్రుల్లో నర్సులు. నాన్న బీ షిఫ్టులో ఉన్న వారం పిల్లలు స్కూల్ నుంచి వచ్చేసరికి ఆయన ఉండడు, ఆయన వచ్చేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. "రోజూ రాత్రి ఎనిమిదింటికి అందరూ కలిసి కూర్చోండి" అనే సలహా గాజువాక, ఉక్కునగరం ఇళ్లలో సగం వారాలు పనికిరాదు. ఇక అందరూ ఇంట్లో ఉన్న పూట ఫోన్ ఉంటుంది. ఫోన్ చూసేవాళ్ల ముఖం ట్రోనిక్ ప్రయోగంలో తల్లి ముఖానికి పెద్ద తేడాగా ఉండదు. ఒకసారి పక్క నుంచి గమనించండి.

కాబట్టి గంటల లెక్క వదిలేసి, తలుపు దగ్గరి లెక్క చూసుకోవడం మేలు. ఇంటికొచ్చిన మనిషికి మొదట వినబడే మాట ఏమిటి? మన దగ్గర చాలాసార్లు అది ప్రశ్నే: "ఇంత లేటైందేం?", "గ్యాస్ బుక్ చేశావా?", "టెస్ట్‌లో ఎన్నొచ్చాయి?" ఆ ప్రశ్నలు అడగకూడదని కాదు, రెండు నిమిషాలు ఆగి అడిగితే సరిపోతుంది. ముందు ముఖం ఎత్తి "వచ్చావా అమ్మా" అంటే చాలు. సీ షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చిన మనిషికి ఆ ఒక్క మాట విని పడుకోవడానికీ, కరెంటు బిల్లు సంగతి విని పడుకోవడానికీ తేడా తెలుస్తుంది.

అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే పరిశోధకుడు కొత్త దంపతులు మాట్లాడుకునే తీరును రికార్డు చేసి, ఆరేళ్ల తర్వాత వాళ్లెలా ఉన్నారో చూశాడు. ఆయన లెక్కపెట్టింది పెద్ద గొడవల్ని కాదు, చిన్న చిన్న పిలుపుల్ని. "ఇవాళ రైతు బజార్లో టమాటా ఎంతో తెలుసా?" అని భార్య అంటే ఆవిడకి భర్త నుంచి ధరల విశ్లేషణ అక్కర్లేదు. తల ఎత్తి "ఎంతేంటి?" అంటే చాలు. కలిసి నిలిచిన జంటలు అలాంటి పిలుపులకి వందకి 86 సార్లు పలికాయి. విడిపోయిన జంటలు పలికింది 33 సార్లే. ఈ అంకెలు అక్కడివి, ఇద్దరే ఉండే కాపురాలవి. మన ఇళ్లలో అత్తగారు, ఆడపడుచు, ఊరి నుంచి వచ్చిన చిన్నాన్న కూడా ఉంటారు. కోడలు పిలిచిన పిలుపుకి పలకాల్సింది భర్త ఒక్కడే కాదు కాబట్టి, తప్పిపోయే అవకాశాలూ ఎక్కువే.

మంచి కబురు చెప్పినప్పుడు

కష్టంలో పక్కన నిలబడటం మనవాళ్లకి బాగానే వచ్చు. ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే కేజీహెచ్ వార్డు బయట సంఘమంతా క్యారియర్లతో నిలబడుతుంది. ఇబ్బందల్లా మంచి కబురు దగ్గరే. షెల్లీ గేబుల్ అనే అమెరికన్ పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు 2004లో ప్రచురించిన పరిశోధన ఈ విషయం మీదే. దగ్గరివాళ్లు మంచి కబురు చెప్తే మనం పలికే తీరును వాళ్లు నాలుగు రకాలుగా విడదీశారు. మన ఇంట్లోకి తెస్తే ఇలా ఉంటుంది.

ఏడో తరగతి అమ్మాయి స్కూల్ క్విజ్‌లో సెకండ్ ప్రైజ్ తెచ్చుకుని పరిగెత్తుకొచ్చింది. "ఫస్ట్ ఎవరికొచ్చింది?" అన్నాడు నాన్న. ఇది కబురు మీద నీళ్లు చల్లడం. "ఊఁ, మంచిది" అన్నాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. ఇది పలికీ పలకనట్టుండటం. "సరేగానీ వాటర్ క్యాన్ వాడొచ్చాడా?" అన్నాడు. ఇది అసలు విననట్టే. ఇక నాలుగోది: "అవునా! ఏదీ చూపించు. ఏ ప్రశ్నకి నీకు భయమేసింది? చెప్పినప్పుడు మీ టీచర్ ఏమంది?" ఆ అమ్మాయి ఆ క్షణాన్ని ఇంకోసారి అనుభవిస్తుంది, ఈసారి నాన్నతో కలిసి. గేబుల్ పరిశోధనలో ఇలా నాలుగో రకంగా పలికే భాగస్వామి ఉన్నవాళ్లే తమ బంధం బాగుందని ఎక్కువగా చెప్పారు.

క్రైస్తవ ఇళ్లలో ఐదో రకం ఒకటుంది, ఆ పరిశోధనలో లేనిది. "గర్వపడకు, మహిమంతా దేవునికే చెల్లించు." వేదాంతం ప్రకారం తప్పు పట్టడానికేమీ లేదు. కానీ పిల్ల ముఖంలో వెలిగింది ఆరిపోతుంది. దేవుడికి మహిమ చెల్లించడానికి ఆ రాత్రి ప్రార్థన ఉంది, తొందరేమీ లేదు. ముందు పిల్లతో కలిసి గెంతండి.

ఎదుటివాళ్లు నవ్వకుండా మనమే నవ్వుకునే సరదాల గురించి కూడా ఒక మాట. కజిన్స్ కలిసినప్పుడు ఒకరి రంగు మీద, ఒకరి లావు మీద జోకులేసి "ఊరికే అన్నాం" అంటారు. చక్కిలిగింతలు పెడుతుంటే పిల్లాడు "చాలు" అన్నా ఆపరు. ఎదుటివాళ్లకి ఎక్కడ చాలో గమనించి అక్కడ ఆగడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఆగడం తెలిసిన ఇంట్లోనే పిల్లలు భయం లేకుండా ఆడుకుంటారు.

కుటుంబ ప్రార్థనలో తిట్లు

కుటుంబ ప్రార్థన మన ఇళ్లకి పెద్ద ఆస్తి. రోజూ కాసేపైనా అందరూ ఒక చోట కూర్చుని, పాట పాడి, ఒకరి పేరు ఒకరు దేవుడి ముందు తలుచుకునే ఏర్పాటు ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ ఆస్తిని మనం ఎలా వాడుతున్నామో చూడాలి. "ప్రభువా, ఈ ఇంట్లో కొందరు రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూస్తున్నారు, వాళ్ల కళ్లు తెరువు తండ్రీ. చదువు మీద ధ్యాస లేదు, పెద్దలంటే గౌరవం లేదు..." ఆ కొందరు ఎవరో పక్కింటివాళ్లకి కూడా తెలుసు. మాటలు పైకి వెళ్తున్నట్టుంటాయి గానీ చేరాల్సిన చోటికే చేరతాయి. మామూలు తిట్లకైతే ఎదురు చెప్పొచ్చు, అలిగి లేచి వెళ్లొచ్చు. ఇక్కడ కళ్లు మూసుకుని అంతా విని, చివర్లో ఆమేన్ కూడా అనాలి.

ఇలా కొన్నేళ్లు సాగితే కొడుక్కి ప్రార్థన అంటేనే ఒళ్లు బిగుసుకుంటుంది. వాడు డిగ్రీకొచ్చాక చర్చికి రావడం మానేస్తే లోకం లాక్కుపోయిందంటాం. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని కొలొస్సయి పత్రికలో ఉన్నది ఇలాంటి ఇళ్ల కోసమే.

మార్చడం పెద్ద పనేం కాదు. చెప్పాల్సింది ప్రార్థన అయ్యాక, పేరు పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పండి. ప్రార్థనకి ముందు ఒక్కొక్కరూ ఆ రోజు నచ్చిన సంగతి ఒకటి చెప్పాలని పెట్టుకోండి. మొదట్లో "ఏం లేదు" అంటారు, ఒత్తిడి చేయొద్దు. పెద్దవాళ్లు ముందు చెప్తే, అదీ కల్పించకుండా "ఇవాళ మద్దిలపాలెం దగ్గర బస్సులో సీటు దొరికింది" లాంటి మామూలు సంగతి చెప్తే, పిల్లలు మెల్లగా అందుకుంటారు. వాళ్లలో మీకు నచ్చిన గుణం ఒకటి పేరు పెట్టి దేవుడి ముందు తలుచుకోండి. షిఫ్టు వారాల్లో ఇదంతా రాత్రి కుదరకపోతే పొద్దున్న టిఫిన్ దగ్గర చేసుకుంటే దేవుడేమీ అనుకోడు.

గొడవ తర్వాత ఎవరు ముందు?

సంతోషంగా ఉండే ఇళ్లలో గొడవలు ఉండవనుకోవడం పెద్ద అపోహ. తేడా గొడవ తర్వాతి గంటల్లో ఉంటుంది. మన ఇళ్లలో ఎక్కువగా వాడే ఆయుధం మాట్లాడకపోవడం. "మీ నాన్నతో చెప్పు", "మీ అమ్మని అడుగు" అంటూ పిల్లల్ని మధ్యలో పోస్ట్‌మన్లని చేసి రోజుల తరబడి నడిపిస్తారు. ఆ రోజుల్లో కూడా కుటుంబ ప్రార్థన ఆగదు, అదో వింత.

"సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న వాక్యం అందరికీ గుర్తే. దాన్ని గడువులా వాడటంతోనే చిక్కొస్తుంది. ఒళ్లు ఇంకా వణుకుతున్న మనిషిని పట్టుకుని "వాక్యం ఏం చెప్తోంది? ఇప్పుడే క్షమించానని చెప్పు" అంటే నోరు క్షమిస్తుంది, లోపల అలాగే ఉంటుంది. కోపంలో గుండె దడదడలాడుతున్నప్పుడు ఎదుటివాళ్ల మాట సరిగ్గా చెవికెక్కదు. ముందు చల్లబడాలి. "ఇప్పుడు మాట్లాడితే పాడైపోతుంది, భోంచేశాక మాట్లాడుకుందాం" అని చెప్పి పక్కకెళ్లడం అలిగి వెళ్లడం కిందకి రాదు. తిరిగి ఎప్పుడొస్తామో చెప్పి వెళ్తున్నాం కదా. చెప్పినట్టే రావాలి మరి.

తెలుగు ఇళ్లలో క్షమాపణ మాటగా రావడం అరుదు. అది అన్నంగా వస్తుంది. అరిచిన అమ్మ గంట తర్వాత గుమ్మం దగ్గర నిలబడి "ఆమ్లెట్ వెయ్యనా?" అంటుంది. భార్యతో గొడవ పడ్డ మనిషి సాయంత్రం చేపల రేవుకెళ్లి ఆవిడకి ఇష్టమైన వంజరం ముక్కలు తెస్తాడు. వీటిని తీసిపారేయకూడదు, ఇవీ చాచిన చేతులే. "నాకేం వద్దు" అనే ముందు ఆ చెయ్యిని గుర్తుపట్టాలి. కానీ పిల్లల విషయంలో ఆమ్లెట్ ఒక్కటే చాలదు. అమ్మ అరిచింది తన తప్పు వల్లో, అమ్మకి పొద్దుట్నుంచీ ఉన్న టెన్షన్ వల్లో ఐదేళ్ల పిల్లకి తెలియదు. చెప్పకపోతే తన వల్లే అనుకుంటుంది. "నువ్వు పాలు ఒలకబోసినందుకు అంత అరవకూడదు నాన్నా. నాకు ఆఫీసులో చికాకుగా ఉండి నీ మీద అరిచాను. తప్పు నాది" అని పెద్దవాళ్లు చెప్తే గౌరవం పోతుందని మన భయం. పోదు. ఒప్పుకోవడం ఎలా ఉంటుందో పిల్లలు మొదటిసారి చూసేది అక్కడే.

ముందు ఎవరు కదలాలి అన్నదానికి యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథలో స్పష్టమైన జవాబుంది.

ఆ కథలో తండ్రి రెండుసార్లు ఇల్లు దాటి బయటికొస్తాడు. ఆస్తిలో వాటా తీసుకుపోయి, అంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన చిన్నవాడి కోసం పరుగెత్తిన సంగతి ప్రతి ప్రసంగంలోనూ వింటాం. తమ్ముడికి విందు చేస్తున్నారని పెద్దవాడు అలిగి లోపలికి రానంటే తండ్రి వాడి దగ్గరికి కూడా బయటికొచ్చి బతిమాలాడు. రెండుసార్లూ కదిలింది పెద్ద మనిషే. చిన్నవాళ్లు వచ్చి కాళ్ల మీద పడాలని కూర్చునే మన పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. ఇక పెద్ద కొడుకు ఫిర్యాదు వినండి. ఇన్నేళ్లు నీ మాట జవదాటలేదు, స్నేహితులతో సంతోషపడటానికి నాకు ఒక్క మేకపిల్లనైనా ఇవ్వలేదు అంటాడు. అన్నీ సవ్యంగా చేస్తూ, ఆ ఇంట్లో తనని చూసి ఎవరికీ సంతోషం లేదని నమ్మిన మనిషి మాట అది. మన సంఘాల్లో తప్పిపోయిన చిన్న కొడుకులకన్నా ఇలాంటి పెద్ద కొడుకులు, పెద్ద కూతుళ్లే ఎక్కువని నా అంచనా. క్వయర్‌లో పాడతారు, కానుకలు లెక్కపెడతారు, తమ్ముడి ఫీజు కడతారు. బాధ్యతకి పొగుడుతాం గానీ వాళ్లు గదిలోకి వస్తే మన ముఖం వెలిగిందా అని చూసుకోం.

సంతోషం సరిపోని చోట

ఈ మాటలన్నీ ఒక హద్దు లోపలే. ఇంట్లో కొట్టడం ఉంటే అది నవ్వుతూ పలకరిస్తే సరిపోయే విషయం కాదు. అలాంటి ఇంటి ఆడవాళ్లకి "ఇంకొంచెం సహించమ్మా, ఉపవాసముండి ప్రార్థించు" అని మాత్రమే చెప్పి పంపే సంఘం, తెలిసో తెలియకో కొట్టేవాడి పక్షాన నిలబడుతోంది. 2005 గృహహింస నిరోధక చట్టం క్రైస్తవ ఇళ్లకీ వర్తిస్తుంది. మహిళలకి 181, పిల్లలకి 1098 నంబర్లున్నాయి. తిరిగి కలవడం అనే మాట భద్రత కుదిరాక రావాల్సింది.

నెలల తరబడి దేని మీదా ఆసక్తి లేక, నిద్ర పట్టక, బతకడం దండగనిపించే మనిషికి "ప్రభువునందు ఆనందించు" అని చెప్పడం కూడా క్రూరమే. అది జబ్బు కావచ్చు, మందులకి లొంగొచ్చు. ఈ ఊళ్లో వాల్తేరు మానసిక ఆసుపత్రి పేరుతో ఎగతాళి చేయడం ఒక అలవాటు. ఆ ఎగతాళి వల్లే చాలామంది ఆ గేటు దాకా వెళ్లరు. వెళ్లడం మొహమాటమైతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఇంటి నుంచే ఫోన్ చేయొచ్చు.

ఇక సంఘాల వంతు. పెళ్లికి ముందు పాస్టర్ గారు జంటని కూర్చోబెట్టి మాట్లాడే అలవాటు చాలా చర్చిల్లో ఉంది. బాప్తిస్మం అయిందా, సభ్యత్వం ఎక్కడ, ఆదాయమెంత, అత్తమామలతో ఉంటారా అని అడుగుతారు. అక్కడే ఇంకో ప్రశ్న చేర్చొచ్చు: "మీ ఇంట్లో గొడవైతే ముందు ఎవరు మాట్లాడేవారు, ఎలా మాట్లాడేవారు?" అబ్బాయి ఇంట్లో వారం రోజుల మౌనం, అమ్మాయి ఇంట్లో అరగంట అరుపులు, తర్వాత కాఫీ అనుకోండి. పెళ్లయ్యాక మొదటి గొడవలో ఆమె కాఫీ కప్పుతో నిలబడుతుంది, అతను గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఇద్దరూ ఎదుటివాళ్లకి తనంటే ప్రేమ లేదనుకుంటారు. ఆ సంగతి పెళ్లి ఉంగరాల కంటే ముందే బల్ల మీదకి వస్తే, ఆ రాత్రికి వాళ్ల దగ్గర కనీసం ఒక జవాబు ఉంటుంది.